రాయి లేని నేల మీద రెండు ములుకులు

ముందే చెప్పేస్తున్నాను. వెళ్ళేటప్పుడు జేబులో ఒక రాయి తీసుకెళ్ళాను, వచ్చేటప్పుడు ఒక రాయి తీసుకొచ్చాను. తెచ్చింది తీసుకెళ్ళిందేనా అని మాత్రం నన్ను అడక్కండి. అడిగితే ఈ ప్రయాణమంతా చెప్పాల్సి వస్తుంది. సరే, అడిగారనే అనుకుని చెబుతాను.

మాది బేతంచెర్ల. మా ఇంటి గోడ రాయి, కప్పు రాయి, పెరటి ప్రహరీ రాయి, మేము అమ్ముకుని తినేదీ రాయే. మా నాపరాళ్ళు లారీలెక్కి కోస్తా జిల్లాలకి పోయి అక్కడి ఇళ్ళలో గచ్చు అవుతాయి. బండను చూడగానే అది ఏ గనిలోదో చెప్పేస్తానని మా చుట్టుపక్కల నాకో పేరుంది. ఆ పేరును ప్రచారం చేసింది ఎక్కువగా నేనే అనుకోండి.

అమ్మకానికి లేని రాయి ఒకటి మా ఇంట్లో ఉంది. మా తాత కొండవార చేను దున్నుతుంటే నాగలి చాలులో దొరికింది. బొటనవేలి గోరుకంటే కాస్త పొడుగు. తేనె రంగు. రెండంచులూ బ్లేడులా పదును, ఒక కొస సూదిలా ఉంటుంది. చెకుముకి రాయి. ఇంట్లోవాళ్ళకి అది పిడుగురాయి. ఆకాశం నుంచి పిడుగుతో పాటు పడిందనీ, ఇంట్లో జొన్నల గాదెలో ఉంచితే ఆ ఇంటి మీద ఇక పిడుగు పడదనీ నమ్మకం. ఒకసారి మా ఊరి దగ్గరి గుహలు చూపించడానికి పిల్లల్ని తీసుకొచ్చిన ఒక మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది పిడుగూ కాదు, గిడుగూ కాదు. బాణం ములికి. ఇనుమంటే తెలియని రోజుల్లో ఎవడో వేటగాడు కూర్చుని చెక్కుకున్నది" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. ఎక్కడ ములికి ఉందంటే అక్కడికి పోవడం, చూడ్డం, వచ్చి మా ఆవిడ బుర్ర తినడం.

మొన్న మాఘమాసంలో ఆ ములికి ఫొటో వాట్సాప్‌లో పెట్టాను. కాసేపటికి తెనాలి నుంచి మస్తాన్ ఫోను. మా దగ్గర బండలు కొని అక్కడ అమ్మే వ్యాపారి, మంచి స్నేహితుడు.

"ఓబులేసుగారూ, ఇదేంటండి బాబూ! రత్తమ్మగారి రాయి మీ దగ్గరకెలా వచ్చింది?"

రత్తమ్మగారెవరంటే, రేపల్లె పక్క పల్లెటూళ్ళో ఉండే పెద్దావిడ. ఆవిడ ఇంటికి మస్తాన్ గచ్చు వేయించినప్పుడు కుంకుమ భరిణెలో అచ్చం ఇలాంటి రాయే చూశాడట. వాళ్ళు దాన్ని కాన్పుల రాయి అంటారట.

నాకు కాలు నిలవలేదు. ఎందుకంటే ఆ నేలలో రాయి పుట్టదు. బావి తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే ఇసుక, అదీ కాకపోతే నీళ్ళు. అలాంటిచోట మా కొండల ములికి ఉందంటే ఎవరో ఒకరు మోసుకెళ్ళినట్టే కదా. మా కొండల్లో వేటాడినవాళ్ళకీ, అక్కడ సముద్రపొడ్డున చేపలు పట్టినవాళ్ళకీ ఆ కాలంలోనే రాకపోకలు ఉండేవన్నమాట! రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుందనుకున్నాను.

"కడుపుతో ఉన్న కూతుర్ని కర్నూలు పోయి చూసి రమ్మంటే తీరిక లేదంటావ్. రాయిని చూడ్డానికి సముద్రం దాకా పోతావా?" అంది మా ఆవిడ. మా పద్మకి అప్పుడు ఐదో నెల. తిరిగొస్తూ కర్నూల్లో దిగుతానని ఒట్టేసి, ములికిని దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టుకుని బయల్దేరాను.

తెనాలి

తెనాలిలో దిగగానే నాకు కనిపించింది నీళ్ళు. ఊరి మధ్య కాలవ, ఇంకాస్త పోతే ఇంకో కాలవ. మా వైపు నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెలతో పరుగెత్తే ఆడవాళ్ళు గుర్తొచ్చి కాస్త కుళ్ళుకున్నాను. దాచడమెందుకు.

"రాళ్ళ కొట్టు యాడుందప్పా?" అని ఆటో అబ్బాయిని అడిగితే నవ్వాపుకుని, "ఏ ఊరండి మనది?" అన్నాడు. ఎదుటివాడి ఊరిని కూడా 'మనది' అని అడగడం ఇక్కడి మర్యాద. నాకు భలే నచ్చింది. దారి పొడుగునా నా చేత మాట్లాడించి, నేను 'ఉండాది' అన్నప్పుడల్లా మురిసిపోయాడు. వాడికి ఉచిత వినోదం. అయినా కిరాయి తగ్గించలేదు.

మస్తాన్ నన్ను కొట్లో కూర్చోనివ్వకుండా టిఫిన్‌కి లాక్కెళ్ళాడు. ఇడ్లీ మీద కారప్పొడి, దాని మీద నెయ్యి, పక్కన అల్లం పచ్చడి. మా ఊళ్ళో ప్లేటుకి నాలుగు ఇడ్లీలు పెడతారు, ఇక్కడ మూడే, ధర మాత్రం ఎక్కువ. ఈ మాట పైకే అన్నాను. "నెయ్యికేనండి డబ్బులు, ఇడ్లీ ఊరికే" అన్నాడు మస్తాన్. తర్వాత బెల్లం జిలేబి. నల్లగా, బరువుగా, వేలికి అంటుకుంటే నాలుగుసార్లు కడిగినా పోని జిగురు. రెండో ప్లేటు కూడా నేనే చెప్పాను.

మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం. మస్తాన్ భార్య దాల్చా వడ్డిస్తూ, "అన్నయ్యగారూ, ఆ రాయి కోసం ఇంత దూరం వచ్చారా? మావారు చెబితే నమ్మలేదండి" అంది. అగ్గిపెట్టె తెరిచి చూపించాను. "ఇంతేనా!" అంది. ఇంతే మరి. పెద్ద బండలు చూసిచూసి విసుగెత్తినవాడికి ఆ చిన్న రాయి ఎంత గొప్పో ఎలా చెప్పడం? చారు కలుపుకున్నాను.

బాపట్ల

మస్తాన్‌కి కాలేజీలో పాఠాలు చెప్పిన లెక్చరరుగారు బాపట్లలో ఉంటారు. రిటైరయ్యారు. భూగోళం ఆయన సబ్జెక్టు. రేపల్లె వెళ్ళేముందు ఆయన్ని కలిస్తే మంచిదని మస్తాన్ అంటే మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. అరుగు మీద కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, నా ములికిని భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుంది. అసలైనదే. మరి రేపల్లె రాయి ఎక్కడ దొరికింది?"

"రత్తమ్మగారింట్లో సార్."

"ఇంట్లో ఉండటం కాదండి. నేలలో ఎక్కడ దొరికింది? ఎంత లోతున? చుట్టూ ఇంకేమున్నాయి? అవి తెలియకుండా రాయి ఒక్కటే ఏం చెబుతుంది? రేపల్లె రైలు పట్టాల కింద కంకర ఎక్కడ్నించి వచ్చింది? ఆ కంకరతో వచ్చుండొచ్చు. మీ బండల లారీలోనే వచ్చుండొచ్చు."

ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చింది లారీలో వచ్చుండొచ్చని చెప్పించుకోవడానికా?

ఆయన ఊరుకోలేదు. "ఇంకో మాట. మీ వేటగాడు బాణాలు చెక్కుకునే రోజుల్లో రేపల్లె ఉన్నచోట నేల ఉందో లేదో! నది ఏటేటా మట్టి తెచ్చి పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టింది. ఒకప్పుడు ఒడ్డు ఎక్కడో ఈ ఇసుక దిబ్బల దగ్గరే ఉండి ఉంటుంది. కాబట్టి ఆ రాయి అక్కడ పడింది కాదు, తర్వాతెప్పుడో ఎవరో తెచ్చుకున్నది."

"తెచ్చుకున్నారంటే రాకపోకలు ఉన్నట్టే కదా సార్?"

"ఉన్నట్టే. ఎప్పుడు, ఎవరికి ఎవరితో, అది తేల్చాలి." నవ్వారు. "వెళ్ళండి, చూడండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫొటోలు తీయండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. రెండింటినీ కలవనివ్వకండి."

చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారేంటా అనుకున్నాను. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో నాకే తెలుసు.

సూర్యలంక

బాపట్ల దాకా వచ్చి సముద్రం చూడకుండా పోతే మా ఆవిడ నమ్మదు. యాభై దాటాక సముద్రాన్ని మొదటిసారి చూశాను. ఏం చెప్పను? చెప్పులతోనే నీళ్ళ అంచున నిలబడిపోయాను. ఆ నిలబడ్డ నిలబాటులోనే ఒక అల వచ్చి నా కుడికాలి చెప్పు పట్టుకుపోయింది. మస్తాన్ పరుగెత్తాడు గానీ లాభం లేకపోయింది. మిగిలిన చెప్పును అక్కడే వదిలేసి, అగ్గిపెట్టె ఉన్న జేబును చేత్తో గట్టిగా పట్టుకుని వెనక్కొచ్చాను.

ఒడ్డున ఎండుచేపలు అమ్మే ఆవిడ నా ఒట్టి కాళ్ళు చూసి జాలిపడింది. "రా బాబాయ్, నీడలో కూర్చో. ఇసక కాలిపోతా ఉంది." వేయించిన చందువా ముక్క చేతిలో పెట్టింది. ఆవిడ ముందు మసాలా నూరుకునే రాయి ఉంది. నల్లటి గట్టి రాయి. చూస్తూనే, "ఇది మీ వైపుది కాదే" అన్నాను.

"మా వైపు రాయి ఎక్కడిది బాబాయ్? మా అత్త కాపురానికొచ్చేటప్పుడు తెచ్చుకుంది. ఆవిడది నర్సరావుపేట దిక్కు."

చందువా తింటూ ఆ రాయి వంకే చూశాను. చేప ఇక్కడిది, నూరిన రాయి అక్కడిది. ఇది మాత్రం రాకపోక కాదా? లెక్చరరుగారు పక్కన ఉంటే అడిగేవాణ్ణి. ఊళ్ళోకి వచ్చి హవాయి చెప్పులు కొన్నాను. అవి నాకు ఒక సైజు చిన్నవి.

రత్తమ్మగారి ఇల్లు

మూడో రోజు మస్తాన్ కారులో చెరుకుపల్లి మీదుగా రేపల్లె వైపు. కోతలైపోయిన మాగాణుల్లో మినుము పీకుతున్నారు. రోడ్డు మీదే కల్లం చేసి కాయలు పరిచారు. వచ్చేపోయే బళ్ళే వాటిని తొక్కి నూరుస్తాయి. మా వైపు రోడ్డు మీద కందులు పోస్తారు. బుద్ధి ఎక్కడైనా ఒకటే.

రత్తమ్మగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. గట్టి మనిషి, గట్టి గొంతు.

"బాగుండావా అవ్వా?" అన్నాను మా అలవాటు ప్రకారం.

"అవ్వేంటయ్యా? అంత ముసలిదాన్లా ఉన్నానా? మామ్మగారూ అను." మళ్ళీ తనే నవ్వేసి, "పోన్లే, నీ నోటికి ఎలా తిరిగితే అలా పిలువు నాయనా" అన్నారు. దాంతో నాకు ఆవిడ అవ్వే అయింది, మీరు నువ్వైంది.

కాఫీలయ్యాక భరిణె తెచ్చింది. మూత తీసింది. అదే తేనె రంగు, అదే పొడుగు, అదే సూది కొస. కానీ తళతళ మెరిసిపోతోంది.

"దీనికి పసుపు పట్టి ఉండేదని చెప్పాడే మస్తాన్?"

"ఉండేది. ఎన్నేళ్ళ పసుపో! పెద్దమనిషి చూడ్డానికొస్తున్నాడు కదా, మురికిగా ఏం చూపిస్తామని నిన్న చింతపండు పెట్టి రాగిచెంబు తోమినట్టు తోమేశాను."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆ పసుపు పొరే కదా తరతరాల గుర్తు! నా మొహం చూసి మస్తాన్ దగ్గాడు. నేను నోరు మూసుకున్నాను. ఆవిడ రాయి, ఆవిడ చింతపండు.

అగ్గిపెట్టె తెరిచి నా ములికిని కూడా ఇత్తడి పళ్ళెంలో పెట్టాను. ముగ్గురం వంగి చూశాం. ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఫొటోలు తీశాను. ఇటు మార్చి తీశాను, అటు మార్చి తీశాను, తిరగేసి తీశాను.

"ఇది మీకు యాడ్నుంచి వచ్చిందవ్వా?"

"మా అమ్మమ్మకి వాళ్ళత్తగారిచ్చింది. ఆవిడకి వాళ్ళత్తగారు. మా పూర్వీకులకి ఉప్పు పండించే కొటార్లుండేవంట. పైన కొండల వైపు నుంచి బళ్ళు కట్టుకుని జనం ఉప్పు కోసం వచ్చేవాళ్ళంట. వాళ్ళలో ఒకావిడకి దార్లోనే నొప్పులొస్తే మావాళ్ళింట్లోనే పురుడు పోశారంట. పోతూ పోతూ ఈ రాయి ఇచ్చి వెళ్ళిందంట. అప్పట్నుంచి మా ఇంటి కాన్పులన్నిటికీ ఇదే."

"అన్నిటికీనా?"

"మా చిన్నమ్మాయి కాన్పు విశాఖపట్నంలో. తీసుకెళ్ళడం కుదర్లేదు. బిడ్డ దక్కలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "రాయి వల్లేనంటే నువ్వు నవ్వుతావు. నేనూ డాక్టర్లు వద్దనడం లేదుగా. ఆస్పత్రికి ఆస్పత్రి, రాయికి రాయి. ఇప్పుడు నా మనవరాలు శిరీషకి తొమ్మిదో నెల. తెనాల్లో మా పెద్దమ్మాయి సుజాత ఇంట్లో ఉంది. దానికి బీపీ ఉందంట. వచ్చేవారం ఇది తీసుకుని వెళ్తాను."

నాకు నవ్వు రాలేదు. పద్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో దీన్ని పిడుగుకి వాడతామనీ, జొన్నల గాదెలో ఉంచుతామనీ చెప్పాను. "పిడుక్కి కూడానా!" అని ఆశ్చర్యపోయింది.

ఇక పైకి తీసిన రాయిని పసుపు పట్టించకుండా మళ్ళీ భరిణెలో పెట్టకూడదట. గిన్నెలో దుగ్గిరాల పసుపు చిక్కగా కలిపి తన రాయిని అందులో వేసింది. నేను ఇంకో ఫొటో సరిగ్గా వచ్చిందా లేదా అని ఫోనులో చూసుకుంటున్నాను. తలెత్తేసరికి నా రాయిని కూడా అదే గిన్నెలో వేసి, వేళ్ళతో కలియబెడుతోంది.

"అవ్వా!"

"ఏంటయ్యా అరుస్తావ్? చుట్టపుచూపుగా వచ్చిన రాయి. మా రాయికి పసుపు పెట్టి దానికి పెట్టకపోతే బాగుంటుందా?"

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సుజాత. ఈ చివర ఉన్న నాకు కూడా ఏడుపు వినిపించింది. శిరీషకి బీపీ పెరిగిపోయిందట, ఆస్పత్రిలో చేర్చారట, ఇవాళే ఆపరేషన్ చేయాల్సి రావచ్చన్నారట. కొడుకు పొలం నుంచి వచ్చేదాకా ఆగుదామా అంటే, "నా కారుండగా ఆగడమేంటి మామ్మగారూ, ఎక్కండి!" అన్నాడు మస్తాన్. ఆవిడ గిన్నెలో చెయ్యిపెట్టి ఒక రాయిని తీసి కొంగున ముడేసుకుంది. రెండోదాన్ని నేను అగ్గిపెట్టెలో పడేసుకున్నాను. తలుపుకి తాళం వేసిందెవరో కూడా నాకు గుర్తులేదు.

రైలు గేటు

భట్టిప్రోలు దాటి ఇంకాస్త పోయాక రైల్వే గేటు పడింది. రేపల్లె రైలు రావాలి. కారు ఆగింది. అద్దంలోంచి పట్టాల కింద కంకర కనిపిస్తోంది. లెక్చరరుగారి మాటలు గుర్తొచ్చాయి. రెండింటినీ కలవనివ్వకండి.

వెనక సీట్లో రత్తమ్మ కొంగు ముడి విప్పింది. పసుపు ముద్దలా ఉన్న రాయిని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నాయనా, ఇది నాదేనా?"

అగ్గిపెట్టె తెరిచాను. అందులోనూ పసుపు ముద్దే. సీసాలో నీళ్ళు పోసి రెండూ కడిగాను. పసుపు అంచుల సందుల్లో అంటుకుని ఉంది, రెండింటికీ ఒకేలా. ఎండకి పెట్టి చూశాను. వేలితో తడిమాను. ఫోనులో ఫొటోలు తెరిచాను. ఎడంవైపుది నాదని నాకు గట్టిగా గుర్తు. కుడివైపుదే నాదని మస్తాన్‌కి ఇంకా గట్టిగా గుర్తు. వాట్సాప్‌లో పెట్టిన పాత ఫొటో చూద్దామంటే, అది గోనెసంచి మీద మసకగా తీసిన ఫొటో. రెండూ దానిలాగే ఉన్నాయి.

బండ చూసి గని పేరు చెప్పే ఓబులేసు రెండు రాళ్ళూ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"తెలియడం లేదవ్వా" అన్నాను.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "మా చిన్నదానికి లేకుండా పోయింది. దీనికీ లేకుండా చేశానా దేవుడా" అని తనను తానే అనుకుంది. రాయి కాన్పు చేయదని నాకు తెలుసు. కానీ ఆ క్షణాన ఆ మాట ఎవరితో అనగలను? నాకే భయమేసింది.

"అవ్వా, రెండూ నీ దగ్గరే పెట్టుకో" అన్నాను. "ఒకటి నీదే కదా. ఏదైతేనేం, నీది ఈ రెండిట్లోనే ఉంది."

రెండింటినీ కలిపి పిడికిట్లో పట్టుకుంది. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది. మస్తాన్ వేమూరు దాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

మళ్ళీ తెనాలి

మేము వెళ్ళేసరికి శిరీషని లోపలికి తీసుకెళ్ళడానికి సిద్ధం చేస్తున్నారు. రత్తమ్మ రాళ్ళు రెండూ ఆ అమ్మాయి నుదుటికి తాకించింది. "ఇవేంటి మామ్మగారూ, లోపలికి కుదరవండి" అంది నర్సు. "లోపలికొద్దమ్మా, నా దగ్గరే ఉంటాయి" అని ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. పిడికిలి విప్పలేదు. పక్కన సుజాత. ఎదురుగా నేనూ మస్తానూ. మస్తాన్ పెదాలు కదులుతున్నాయి, దువా చేసుకుంటున్నాడు. నేను ఏం చేయాలో తెలియక బేతంచెర్లలో దేవుళ్ళందర్నీ ఒక్కొక్కరినే పిలిచాను. ఆ కాసేపట్లో వేటగాడూ, ఉప్పూ, రాకపోకలూ ఏవీ గుర్తు రాలేదు. అమ్మాయి బాగుంటే చాలు, ఈ రాయి పిచ్చి మానేస్తానని కూడా మొక్కుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి తలుపు తెరుచుకుంది. "ఆడపిల్లండి. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు" అంది నర్సు.

అమ్మయ్య! నెత్తిన పాలు పోసినట్టయింది. సుజాత ఏడుస్తూ నవ్వింది. మస్తాన్ నన్ను వాటేసుకున్నాడు. రత్తమ్మ మాత్రం కదల్లేదు, మెల్లగా పిడికిలి విప్పింది. ములుకులు గుచ్చుకుని అరచేతిలో రెండు చోట్ల రక్తం కారి ఉంది. ఎన్ని వేల ఏళ్ళయిందో చెక్కి, ఇంకా అంత పదును! "నీ రాయి కూడా మంచిదే నాయనా" అంది.

బయటికెళ్ళి జిలేబి కట్టించుకొచ్చి ఆస్పత్రి వరండాలో ఉన్నవాళ్ళందరికీ పంచాను. కాళ్ళకి చెప్పులు కరుస్తున్నాయని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. రత్తమ్మ రాళ్ళను శుభ్రంగా కడిగి, తువ్వాలు మీద పక్కపక్కన పెట్టింది.

"తీసుకో నీది."

వంగి చూశాను. లేచాను. మళ్ళీ వంగాను.

"రాళ్ళ వ్యాపారివి కదయ్యా!" అని నవ్వింది.

"నువ్వు చెప్పు మరి. ఎన్నేళ్ళు నీ ఇంట్లో ఉందో!"

"చింతపండు పెట్టకముందు అడిగితే చెప్పేదాన్ని. కళ్ళు మూసుకుని తీసుకో నాయనా. ఏది మిగిలినా నేను కళ్ళకద్దుకుంటాను."

కళ్ళు మూసుకునే తీసుకున్నాను. దూదిలో చుట్టాను. శిరీష పక్కన గుడ్డలో చుట్టి ఉన్న పాపని చూసి, చేతిలో కాస్త డబ్బు పెట్టి వచ్చేశాను.

రైల్లోంచి లెక్చరరుగారికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను.

"కలవనివ్వకండన్నాను కదండి!"

"పసుపు నీళ్ళలో కలిసిపోయాయి సార్."

ఆయన పడీపడీ నవ్వారు. "సరే, రుజువు పాడైపోయింది. ఉప్పు బళ్ళ కథ నిజమైనా అది మొన్నమొన్నటి మాట, మీ వేటగాడి కాలం కాదు. కానీ ఓబులేసుగారూ, గనికీ గనికీ తేడా పట్టే మీకే ఏది ఏదో తెలియలేదంటే, ఆ రెండు రాళ్ళదీ ఒకే కొండ అయినా అయ్యుండొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను." ఆ మాత్రం చాలనిపించింది. ముందు కర్నూల్లో దిగాను, మా పద్మని చూశాను, ఒట్టు నిలబెట్టుకున్నాను.

బేతంచెర్ల

వచ్చి మూడు నెలలవుతోంది. నేను తెచ్చిన రాయి జొన్నల గాదెలోనే ఉంది. కాకపోతే మా ఆవిడ దాన్ని శుక్రవారం శుక్రవారం బయటికి తీసి పసుపు పెడుతోంది. మా ఇంట్లో ఎప్పుడూ లేని అలవాటు. అడిగితే, "దానికి అలవాటై ఉంటే?" అంటుంది.

నిన్న రత్తమ్మ ఫోను చేసింది. పాపకి మూడో నెల వెళ్ళిందట, పిలిస్తే నవ్వుతోందట. మొన్న అక్కడ గాలివాన, పిడుగులు. "నువ్వు చెప్పావుగా, రాయిని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టాను. పక్కవీధిలో కొబ్బరిచెట్టు మీద పడింది గానీ మా ఇంటికేం కాలేదు" అంది. ఎక్కడి అలవాటు ఎక్కడికి పోయిందో చూడండి. అది వింటూ నాలో నేనే నవ్వుకున్నాను.

"మీ అమ్మాయికి ఎన్నో నెల నాయనా?"

"ఎనిమిది దాటిందవ్వా. పురిటికి తీసుకొచ్చేశాం, ఇక్కడే ఉండాది."

"అయితే నేను బయల్దేరాలి. టిక్కెట్టు చూడమని మస్తాన్‌కి చెప్పాను."

"ఈ ఎండల్లో నువ్వెందుకవ్వా అంత దూరం?"

"ఎందుకేంటయ్యా? ఏది మీదో ఏది మాదో తెలియదాయె. ఇక మీ ఇంట్లో కాన్పయినా, మా ఇంట్లో కాన్పయినా రెండూ అక్కడుండాల్సిందే కదా."

రా అవ్వా, రా, అన్నాను. ఫోను పెట్టేసి, అవ్వ వస్తోందని మా ఆవిడకి చెప్పాను. జొన్నలు చెరుగుతున్న మా ఆవిడ చేట పక్కన పెట్టింది.

"మన రాయిని కూడా తెస్తోందా?" అంది.

తెస్తోందన్నాను.